టైటిల్ గారు

ఫిల్మ్‌నగర్‌లో కథ లేనివాళ్లు బోలెడంతమంది. టైటిల్ లేనివాడు మాత్రం దొరకడు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి రామానాయుడు స్టూడియో దాకా ఏ కాఫీ షాపులో చూసినా మూల టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ తెరుచుకుని ఒకాయన ఉంటాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరేదైనా సరే, ఇక్కడ ఆయన టైటిల్ గారే. ఒక్క టీతో పూట గడుపుతాడు. ఆ టీ డబ్బులు కూడా ఎదురుగా కూర్చున్న కో-డైరెక్టరే ఇస్తాడు.

టైటిల్ గారి ఆస్తంతా ఒక నిఘంటువు ఫైలు. లైనుకో మాట. ఆయన ప్రోగ్రామ్ ప్రతి మాటలోని అక్షరాలనూ వర్ణమాల వరసలో పేరుస్తుంది. పేర్చాక ఒకేలా తేలిన మాటలన్నీ ఒకే గూట్లో పడతాయి. పలక అడిగితే కలప వస్తుంది, పాట అడిగితే టపా వస్తుంది. తల అడిగితే లత. "చూశారా, విలన్ తల, హీరోయిన్ లత. సగం కథ అయిపోయింది!" అంటాడు. మిగతా సగం ఎవరూ అడగరు, ఇండస్ట్రీ మర్యాద అది.

మొదట్లో ఈ ప్రోగ్రామ్ ఇంగ్లిష్ పాఠం చూసి రాసుకున్నాడు. యూనికోడ్‌లో హల్లుకో సంకేతం, గుణింతం గుర్తుకో సంకేతం. దాంతో అది దీర్ఘాన్నీ కొమ్మునూ ఊడబెరికి, 'రాజు'కి 'జారు'ను జత చేసింది. ముహూర్తాలు చూసుకునే నిర్మాత దగ్గర 'రాజు' టైటిల్ చెబుతూ స్క్రీన్ అటు తిప్పాడు. నిర్మాత నిజంగానే జారుకున్నాడు. అప్పట్నుంచి హల్లూ గుణింతం ఒత్తూ విడదీయకుండా అక్షరం మొత్తాన్నీ ఒకటిగా లెక్కపెడుతున్నాడు.

ఇదంతా పనికిమాలిన పని అన్నారో, వాల్మీకిని తెస్తాడు. "మరా మరా అంటే రామ అయింది. రామాయణం మొదలైందే అక్షరాల తారుమారుతో! ఆయనకు నారదుడు దొరికాడు, నాకింకా నిర్మాత దొరకలేదు."

ఫిల్మ్ ఛాంబర్‌లో టైటిల్ రిజిస్టర్ చేయించాలంటే బ్యానర్ ఉండాలి కదా. అందుకే పాపం ఈ తిరుగుడు. మొన్న ఒక నిర్మాత కాసేపు కూర్చోనిచ్చాడు.

"ఏం తెచ్చావయ్యా?"

"ఫ్యాక్షన్ సార్. టైటిల్ 'కడప'."

"సమరసింహారెడ్డి 1999లో వచ్చింది. ఇంకా సుమోలేనా? లవ్‌స్టోరీ ఏమన్నా ఉందా?"

ఒక్క మీట నొక్కాడు. "'పడక' సార్. అక్షరాలు అవే, బడ్జెట్ బాగా తక్కువ."

నిర్మాత గడ్డం గోక్కున్నాడు. "బాగానే ఉంది. మరి కథ?"

టైటిల్ గారు ల్యాప్‌టాప్‌ను ఆప్యాయంగా నిమిరాడు. "మాటలన్నీ ఇందులోనే ఉన్నాయి సార్. వరసే కుదరాలి."