తూములోని అమెరికా చుట్టం

నిన్న రాత్రి మళ్ళీ ఎగిరింది.

పాకే బొద్దింకతో నాకు పేచీ లేదు. నేల దానిది, చెప్పు నాది, ఎవరి ప్రయత్నం వాళ్ళం చేసుకుంటాం. ఎగిరేదాంతోనే చిక్కు. పది రోజులుగా, సరిగ్గా నేను పళ్ళు తోముకునే వేళకి బాత్రూము తూము జాలీలోంచి రెండు మీసాలు లేస్తున్నాయి. కాసేపు గాలిని తడుముతాయి. ఆ వెనకే బొటనవేలంత శాల్తీ, పాతబెల్లం రంగులో. నేను చెప్పు ఎత్తేసరికి అక్కడుండదు. దాని వెనక చివర రెండు బుల్లి కొమ్ములు, వాటి నిండా వెంట్రుకలు. చెప్పు గాలి వాటికి తగిలిందా, సెకనులో ఇరవయ్యో వంతుకల్లా కాళ్ళు పరుగందుకుంటాయి. సెకనుకి మీటరున్నర! నా మోకాళ్ళ వేగం ఇక్కడ చెప్పుకోవడం మర్యాద కాదు. మొన్నయితే పారిపోకుండా ఏకంగా మొహం మీదికే వచ్చింది.

"అరిచింది మీరేనా?" వంటింట్లోంచి మా ఆవిడ.

"కాదు, కుళాయి."

దీని శాస్త్రీయనామం పెరిప్లానెటా అమెరికానా. అందులో అమెరికానా అన్న ముక్క 1758లో లిన్నేయస్ పెట్టింది. తీరా చూస్తే సొంతూరు ఆఫ్రికా. బానిసల్ని మోసిన ఆ పాపపు ఓడల అడుగున నక్కి అట్లాంటిక్ దాటిందంటారు. ఆ మాత్రానికే అమెరికాది అయిపోయింది! నాకు మింగుడుపడనిది ఇదే. మా వీధి కుర్రాళ్ళు చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా వచ్చాక మళ్ళీ వెళ్ళి 108 చేస్తారు. ఆ తర్వాత హెచ్‌వన్ లాటరీ, ఆ తర్వాత గ్రీన్ కార్డు వరస. జుట్టు తెల్లబడుతుంది గానీ కార్డు పచ్చబడదు. దీనికో? ఇంటర్వ్యూ లేదు, స్పాన్సర్ లేదు, పేరులోనే పౌరసత్వం. పోనీ అంతటి హోదా వచ్చాక అక్కడే ఉండొచ్చుగా! మా తూములో దిగింది. అమెరికా నుంచి వచ్చిన చుట్టాలైనా మూడు వారాలుండి, ఆవకాయ కట్టించుకుని వెళ్ళిపోతారు. ఇది జాడీ వెనకే మకాం పెట్టింది. పైగా చింతగింజ రంగు సంచీలో 14-16 గుడ్లు. మగతోడు లేకపోయినా పిల్లల్ని కనగలదట. డిపెండెంట్ వీసా గొడవ కూడా తప్పిందన్నమాట.

బొద్దింకల్లోనూ పరువైన కుటుంబాలున్నాయి. ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ వైపు ఒకటుంది: 8 సెంటీమీటర్ల పొడవు, 30 గ్రాముల పైన బరువు. రెక్కల్లేవు, అదొక్కటి చాలు నేను దణ్ణం పెట్టడానికి. మీటరు లోతు బొరియ తవ్వుకుని, ఎండు నీలగిరి ఆకులు లోపలికి లాక్కెళ్ళి, నెలల తరబడి పిల్లల్ని సాకుతుంది. ఒకరి గడప తొక్కదు. జనమే ముచ్చటపడి తెచ్చుకుని పెంచుకుంటారు. మనకి కుదిరిన సంబంధం మాత్రం ఇదీ.

నిన్న ఎట్టకేలకు చెప్పు తగిలింది. వెల్లకిలా పడి ఆరు కాళ్ళూ ఆడిస్తోంది. రెండో దెబ్బకి వంగానా, నోరు దానంతటదే అప్పజెప్పింది: "పది జతల శ్వాసరంధ్రాలు, పదమూడు గదుల గుండె, రంగులేని రక్తం."

ఇంటర్ బైపీసీ. మైనపు ట్రేలో నీళ్ళు పోసి, గుండుసూదులు గుచ్చి, లాలాజల గ్రంథులు చిరక్కుండా తీసేవాణ్ణి. నల్లకాగితం మీద తెల్లగా, బుల్లి ద్రాక్షగుత్తుల్లా ఉండేవి. మాస్టారు క్లాసంతటినీ పిలిచి చూపించారు. ఆ సాయంత్రం మా నాన్న బజారులో డాక్టరుగారి నాన్నలా నడిచాడు. ఎంసెట్ ర్యాంకు ఆ గ్రంథులంత తేలిగ్గా చేతికి రాలేదు. డిసెక్షన్ బాక్సుని మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వనివ్వలేదు. ఆయన పోయాక అటక మీంచి దించి చూస్తే, కత్తెరకి తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాసి ఉంది.

చెప్పు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. అది బోర్లా తిరిగింది, తూలుతూ జాలీ దాకా పోయింది.

"చచ్చిందా?" అంది మా ఆవిడ.

మీసాలు కూడా లోపలికి దిగిపోయాయి.

"ఆఁ" అన్నాను.