అమ్మమ్మను మడతపెట్టడం ఎలా?

2025 సెప్టెంబరు 22న కార్ల మీద జీఎస్టీ తగ్గిందో లేదో, తెలుగువాళ్లందరికీ ఉమ్మడి కుటుంబం గుర్తొచ్చింది. అత్తగారు వచ్చిన మూడో రోజుకే తిరుగు బస్సు టైము వాకబు చేసే ఇళ్లలో కూడా "అందరం కలిసి వెళ్లాలంటే ఏడు సీట్లుండాలండీ" అన్న మాట వినిపిస్తోంది. 2024లో చంద్రబాబు నాయుడు ఇంకా పిల్లల్ని కనండని చెప్పినప్పుడు ముసిముసిగా నవ్వుకున్నవాళ్లే ఇప్పుడు షోరూముల్లో మూడో వరసకు అడ్వాన్సు కడుతున్నారు. మనుషుల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు సీట్లు రానివ్వండి.

ఆరు లక్షల లోపు ఏడు సీట్ల ఫ్యామిలీ కారు! ఏ వీడియో తెరిచినా ఇదే కేక. అంకెల్లో మోసం లేదు. పన్ను తగ్గాక రెనో ట్రైబర్‌లో అన్నిటికంటే చవక మోడల్ 5.76 లక్షలకు దిగింది. ఇది షోరూము గుమ్మం లోపలి ధర. గుమ్మం దాటాక లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, వద్దన్నా అంటగట్టే సీటు కవర్లు మీకు తెలియనివి కావు. సీట్లు కూడా ఏడే ఉన్నాయి, నేను లెక్కపెట్టుకున్నాను. నాకు పేచీ అంతా మధ్యలో ఉన్న "ఫ్యామిలీ" దగ్గరే.

ప్రకటనలో ఒకచోట ఏడు సీట్లు అని ఉంటుంది. ఇంకోచోట డిక్కీ 625 లీటర్లు అని ఉంటుంది. రెండూ నిజమే, రెండూ ఒకే కారులో ఉన్నవే. కాకపోతే ఒకే రోజున ఉండవు. 625 లీటర్లు కావాలంటే మూడో వరస ఊడబీకాలి. ఏడుగురూ కూర్చున్న రోజున వెనక మిగిలే చోటు 84 లీటర్లు. లీటర్లలో చెబితే మనకు అంతు చిక్కదు గనక ఇలా చూడండి: పొద్దున్నే కుర్రాడు గుమ్మం ముందు దించే ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు నాలుగు. అంతే. ఏడుగురు మనుషులు సంక్రాంతికి హైదరాబాదు నుంచి కాకినాడ వెళ్తున్నారు, నాలుగు రోజుల బట్టలు, పసిపిల్ల డైపర్లు, పెద్దాయన మందుల సంచి, అక్కడివాళ్లకు కొన్న చీరలు, అన్నీ కలిపి నాలుగు నీళ్ల డబ్బాల చోటులో సర్దుకోవాలి. తిరుగు ప్రయాణంలో అరిసెల డబ్బా, కొత్త బియ్యం మూట, "ఇంటి చెట్టువిరా" అంటూ బాబాయి పట్టుబట్టి పెట్టించే కొబ్బరికాయలు ఎక్కడ పెడతారో కంపెనీవాళ్లే వచ్చి చూపించాలి.

సర్దుకోవడానికి కంపెనీ ఒక దారి చూపించింది. మూడో వరస సీట్లు ఊడదీసి ఇంట్లో పెట్టుకోవచ్చట! దీన్నొక వరంగా చెబుతున్నారు. ఇంట్లో అంటే ఎక్కడ? కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు, బాల్కనీలో అప్పటికే వాషింగ్ మెషీను, ఎవరూ తొక్కని సైకిలు, తులసి కుండీ ఉన్నాయి. వాటి పక్కన ఇప్పుడు రెండు కారు సీట్లు. వచ్చిన చుట్టం వాటి మీద కూర్చుని కాఫీ తాగుతాడు. నిజానికి ఆ సీట్ల మీద పెద్దమనిషి కాళ్లు చాపుకుని కూర్చోగలిగే చోటు ఆ బాల్కనీ ఒక్కటే.

అసలు కథ దారిలో మొదలవుతుంది. ఐదుగురం కదా అని సీట్లు ఊడదీసి, డిక్కీ నిండా సామాను వేసుకుని గుంటూరు చేరారు. అక్కడ పిన్ని, బాబాయి తయారుగా ఉన్నారు, "ఏడు సీట్ల బండేగా, మేమూ కోటప్పకొండకు వచ్చేస్తాం" అంటారు. రావచ్చు పిన్నీ, తప్పకుండా రావచ్చు. నీ సీటు కూకట్‌పల్లి బాల్కనీలో తులసి కుండీ పక్కన ఉంది.

సీట్లను వందకు పైగా రకాలుగా అమర్చుకోవచ్చని కంపెనీ ఘనంగా చెప్పుకుంటోంది. ఒకటి మడిచి ఒకటి లేపి, రెండోది జరిపి మూడోది తీసి, అన్నీ కలిపి వంద దాటాయట. మన ఇళ్లకు వంద అక్కర్లేదు. ఒక్కటి చాలు: ఏడుగురు మనుషులు, ఏడుగురి సామాను. ఆ వందలో లేనిది ఆ ఒక్కటే. మడతపడే సీట్లు అన్నీ పెట్టారు, మడతపడే అమ్మమ్మనే ఇంకా తయారు చేయలేదు.

పైన క్యారియర్ వేయించుకోండని సలహా ఇచ్చే మహానుభావులున్నారు. బియ్యం మూట పైకెక్కితే బరువు తగ్గుతుందా?

బరువంటే ఇంజను సంగతి చూద్దాం. 999 సీసీ, మూడు సిలిండర్లు, 72 పీఎస్, 96 ఎన్ఎం టార్కు. టర్బో లేదు. బండి ఒట్టిగా దాదాపు 950 కిలోలు. మనిషికి 65 కిలోలు వేసుకుంటే ఏడుగురు 455 కిలోలు, అంటే దాదాపు ఇంకో సగం కారు. అదే కంపెనీ ఐదుగురు ఎక్కే కైగర్‌లో టర్బో పెట్టి 100 పీఎస్ ఇచ్చింది. ఐదుగురికి వంద, ఏడుగురికి డెబ్బై రెండు! ఈ లెక్క ఏ బడిలో చెప్పారో.

అయినా రివ్యూలన్నీ ఒకటే పాట: "సిటీలో పవర్ సరిపోతుంది ఫ్రెండ్స్, హైవేలో మాత్రం ఓవర్‌టేక్ కొంచెం ప్లాన్ చేసుకోవాలి." సూర్యాపేటలో కనిపించిన లారీని కోదాడలో దాటాలన్నమాట. ఆ పాటి మాటైనా ఎవరి అనుభవం? వీడియో జాగ్రత్తగా చూడండి. బండిలో ఇద్దరే ఉంటారు, నడిపే ఆయన, కెమెరా పట్టుకున్న కుర్రాడు. ఔటర్ రింగు రోడ్డు మీద ఖాళీ బండి తోలి, ఏడు సీట్ల కారు అద్భుతంగా లాగుతోందని తీర్పు చెబుతారు. అయ్యా, మీరు పరీక్షించింది రెండు సీట్ల కారు. మిగతా ఐదు సీట్లు గాలిని మోశాయి.

ఏడుగురితో తిరుమల ఘాట్ ఎక్కించి చూపండి. అలిపిరిలో బయల్దేరిన బండి 28 నిమిషాల కంటే ముందే కొండ మీద తేలితే జరిమానా. ఈ బండితో ఆ భయం లేదు, ఆ మేరకు భక్తులకు భద్రత. మలుపు మలుపుకూ సెకండ్ గేరు, దాని మీద ఇంజను ఏడుపు. "ఏసీ ఆపు, ఎక్కేస్తుంది" అని ముందు సీట్లోంచి బావగారి సలహా. ఆయన పక్కన అద్దం దిగుతుంది మరి. మూడో వరసలో దిగే అద్దం ఉండదు.

ఇక్కడికి వచ్చేసరికి నాకు నవ్వు రావడం మానేసింది. ఆ మూడో వరసలో ఎవరు కూర్చుంటున్నారో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. కొన్నాయన కూర్చోడు. అల్లుడిగారిని కూర్చోమనే ధైర్యం ఎవరికీ లేదు. రెండో వరస సీటు ముందుకు పల్టీ కొట్టించి, నడుం వంచి, మోకాలు ఈడ్చుకుంటూ దూరాలి అక్కడికి. దూరేది ఎవరంటే, "నువ్వు సన్నగానే ఉన్నావుగా" అనిపించుకున్న అమ్మమ్మ, భర్త పోయి పుట్టింట్లో ఉంటున్న మేనత్త, నోరెత్తలేని పిల్లలు, పసిబిడ్డను చూసుకోవడానికి తెచ్చుకున్న పనిపిల్ల. కాదనలేని వాళ్లందరినీ తోసేసే చోటుకు మూడో వరస అని పేరు పెట్టాం. ఇంట్లో వంటగది పక్కన చాప వేసినవాళ్లకే కార్లోనూ చివరి సీటు. అందరం కలిసి వెళ్లాలనే ప్రేమ ఇదేనా?

వాళ్ల తల వెనక ఏముంది? ఒక జానెడు చోటు, డిక్కీ తలుపు, ఆ వెనక బ్రేకు పడుతుందో లేదో తెలియని లారీ. 2021లో కార్లను గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ట్రైబర్‌కు పెద్దల భద్రతలో నాలుగు స్టార్లిచ్చింది. ఆ స్టార్లను షోరూములో మీకు చూపిస్తారు. చూపించనిది ఒకటుంది. ఆ పరీక్షలో పెద్దవాళ్ల బొమ్మలను కూర్చోబెట్టేది ముందు సీట్లలో, పిల్లల బొమ్మలను రెండో వరసలో. మూడో వరస ఖాళీ. వెనక నుంచి గుద్దడమన్నది ఆ స్టార్ల లెక్కలోనే లేదు. పరీక్షలో బొమ్మను కూడా పెట్టని చోట మనం అమ్మమ్మను పెడుతున్నాం. "పెద్దది తీసుకోండి, ఎర్టిగా ఉందిగా" అంటారా? 2024లో ఆఫ్రికా మార్కెట్ ఎర్టిగాకు అదే సంస్థ పెద్దల భద్రతలో ఇచ్చింది ఒకే ఒక్క స్టారు.

ఇంత ఇరుకు ఎందుకంటే ఇంజనీర్లకు కొలతలు రాక కాదు. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజు తగ్గించి, నాలుగు మీటర్ల గీత గీశారు. అప్పటి నుంచి మన కార్లను టేపు పట్టుకున్న పన్ను గుమస్తా డిజైను చేస్తున్నాడు. ట్రైబర్ పొడవు నాలుగు మీటర్లకు కాస్త తక్కువ. గీతకు వేలెడు ఇవతల ఆగింది. కొత్త జీఎస్టీలో కూడా అదే గీత: నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ మించని పెట్రోలు బండికి 18 శాతం, దాటితే 40. ఎర్టిగా పొడవు నాలుగు మీటర్లు దాటింది, ఇంజను 1462 సీసీ, అందుకని అది గ్యాసు కూల్‌డ్రింకులున్న 40 శాతం అరలో పడింది. ముసలావిడ మోకాళ్లకు కాస్త చోటు అడిగితే ఈ దేశంలో అది విలాసం. ఈ రూలు రాసిన కలానికి సిగ్గు లేదు, దీన్ని పండగ కానుకని బ్యానర్లు కట్టిన నాయకులకు అంతకంటే లేదు.

మైలేజి గురించి ఒక ముక్క. లీటరుకు ఇన్ని కిలోమీటర్లని రాసే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపేసి తీసిన అంకె. ఏడుగురినీ అందులో ఎక్కించరు. మనం పోయించుకునే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాలు. మిగతా లెక్క బంకు దగ్గర మీకే తెలుస్తుంది.

ఈ ఏడు సీట్ల ఆటే డాట్సన్ గో ప్లస్ 2015లో ఆడింది. దాని డిక్కీ 48 లీటర్లు. రెండు నీళ్ల డబ్బాలు, ఒక చిన్న బిందె. డాట్సనే దేశం వదిలి వెళ్లిపోయింది, మూడో వరస మాత్రం వెళ్లలేదు.

ఐదుగురికైతే ట్రైబర్ చక్కని బండి. రెండో వరసలో కాళ్లు చాపుకోవచ్చు, డిక్కీలో పెళ్లి సామాను పడుతుంది, ధర తక్కువ. ఆ మాట చెప్పి అమ్మితే నాకేమీ పేచీ లేదు. చెప్పరు. ఐదు సీట్ల బండిని చూడటానికి ఎవరూ లైను కట్టరు.

కాబట్టి రివ్యూ బాబులకు ఒక విన్నపం. ఈసారి కెమెరా కుర్రాడిని మూడో వరసలో కూర్చోబెట్టండి. పక్కన కంపెనీ మార్కెటింగ్ పెద్దమనిషిని, మధ్య వరసలో ముగ్గురు బంధువులను ఎక్కించండి, డిక్కీలో నాలుగు డబ్బాలంత సామాను, ఏసీ ఆపేసి, భోగి ముందు రోజు మధ్యాహ్నం రెండింటికి ఎల్బీనగర్‌లో బయల్దేరండి. కాకినాడ దాకా అక్కర్లేదు, పంతంగి టోల్ చాలు. అక్కడ మైకు ముందు సీట్లో ఆయనకు ఇవ్వకండి, వెనక్కి అందించండి.