పల్లెవెలుగా, సూపర్ లగ్జరీయా?

నేను నడిపేది ఏటీఆర్ విమానం. రెండు ఫ్యాన్లు, డెబ్బై చిల్లర సీట్లు. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, అక్కణ్ణుంచి వెనక్కి, మళ్లీ తిరుపతి. నడిపేది అంటే కుడిచేతి సీట్లో కూర్చుని. ఎడమ సీట్లో కెప్టెన్ గారుంటారు. ఆ కుడి సీటు కోసం ఒంగోలు పక్కన రెండెకరాలు అమ్మారు. అంటే నాకంటే ముందు ఎగిరింది మా పొలం.

చేరి రెండేళ్లు కాలేదు, ఇంకో కంపెనీ పిలిచింది. జెట్ ఇస్తాం రమ్మంది. ఇంట్లో పంచాయతీ మొదలైంది.

అమ్మ బాధ వేరు. సంబంధం వాళ్లకి నేను విమానం పక్కన నిలబడ్డ ఫొటో పంపితే, పిల్ల మేనమామ "ఇదేంటండీ, ఫ్యాన్లున్నాయి?" అన్నాడట. జెట్ ఇంజన్లోనూ ఉండేది ఫ్యానే అమ్మా, చుట్టూ మూత ఉంటుందంతే అన్నాను.

"అయితే ఆ మూత ఉన్నదాంట్లోకే మారు."

నాన్న ముప్పై నాలుగేళ్లు ఆర్టీసీ డ్రైవరు. విమానాల గురించి ఆయనకి కొత్తగా చెప్పేదేమీ లేదు. రోస్టర్ అంటే డ్యూటీ చార్టు, లేఓవర్ అంటే నైటౌట్, స్టాండ్‌బై అంటే స్పేర్‌లో కూర్చోవడం. ఏటీఆర్‌లో ముందు భాగంలో లగేజీ వేసి, ప్రయాణికుల్ని వెనక తలుపులోంచి ఎక్కించడం చూసి, "లారీని తిరగేసినట్టుందిరా" అన్నారు. ఇప్పుడు జెట్ సంగతి చెప్పగానే జీతం అడగలేదు.

"సీనియారిటీ కలుపుతారా?"

కలపరు. అసలు ముల్లు అక్కడే ఉంది. ఎగిరిన గంటలు లాగ్‌బుక్కులో మన వెంటే వస్తాయి. సీనియారిటీ నంబరు మాత్రం పాత కంపెనీ గేటు దగ్గర చెప్పుల్లా విడిచి పోవాలి. కొత్త కంపెనీలో నిన్న చేరిన కుర్రాడు కూడా నాకు సీనియరే. విమానానికి కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్ లైసెన్సు ఉండాలి, దానికి కనీసం 1500 గంటలు. నావి వెయ్యి దాటాయి. ఇక్కడే ఉంటే ఎడమ సీటు కనుచూపు మేరలో ఉంది. అక్కడ ఆ సీటు ముందున్న లైను తిరుమల సర్వదర్శనం లైను.

"గరుడ బస్సైనా పక్కసీటు పక్కసీటేరా. పల్లెవెలుగైనా స్టీరింగు మనదుండాలి" అన్నారు నాన్న.

సరే, ఈ ఉద్యోగం మానేద్దామన్నా అంత తేలిక కాదు. 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన రూలు ప్రకారం కో-పైలట్ ఆరు నెలల ముందు, కెప్టెన్ ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయాయి. వాటిలో ఒక్కటీ పైలట్లకి ఆరు నెలల నోటీసు ఇచ్చిన పాపాన పోలేదు.

పోనీ నేనే తేల్చుకుందామంటే, నాకు ఆ అలవాటు లేదు. టేకాఫ్‌లో 'వీ వన్' అని ఒక వేగం ఉంటుంది. అది దాటాక ఆపడానికి లేదు, లేవాల్సిందే. దాటేలోపు ఆపాలా వద్దా అన్నది కెప్టెన్ గారి ఇష్టం. స్పీడు చూసి "వీ వన్" అని పైకి చెప్పడం నా వంతు. నిర్ణయాల్లో నా అనుభవమల్లా గడువు దాటిపోయిందని ప్రకటించడమే.

చివరికి నాన్న సీనియారిటీ లిస్టు ప్రింటు తీయించారు. కళ్లజోడు పెట్టుకుని, కింద స్కేలు ఆనించి, ఎర్ర పెన్ను పట్టుకున్నారు.

"ఇతను?"

"గల్ఫ్ వెళ్లాడు."

గీత.

"ఈ అమ్మాయి?"

"జెట్‌కి."

ఇంకో గీత. నా పేరు దగ్గరికి వచ్చేసరికి పదకొండు గీతలు తేలాయి. "కుర్చీలోంచి లేవకుండా పదకొండు మెట్లెక్కావు. ఇంకా ఎవరెవరు వెళ్లేలా ఉన్నారో కాస్త కనుక్కో" అని పెన్ను మూత పెట్టారు.

మర్నాడు పొద్దున్నే క్రూ క్యాబ్‌లో ఒక మిత్రుడు పక్కన చేరాడు. లిస్టులో నాకంటే సరిగ్గా రెండు నంబర్లు పైన.

"నీకూ పిలుపొచ్చిందటగా, ఎలా ఉందంటావ్ ఆ కంపెనీ?"

"బ్రహ్మాండం మామా. ఫ్యాన్లకి మూతలు కూడా ఉన్నాయి. కళ్లు మూసుకుని వెళ్లిపో."