పదిదినముల సంజీవని

పూర్వకాలమున సంజీవని యనగా గతించినవానిని లేపి కూర్చుండబెట్టునది. మన కాలమున, గతింపనున్నవానికి పది దినముల గడువు నిప్పించి, ఆ గడువునకు బదులుగా వాని యింటిని తాకట్టు పెట్టించునది. ఇది పరిహాసమునకన్న మాటయని తలచువారు, క్లోమగ్రంథి క్యాన్సరునకు 2005వ సంవత్సరమున అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన ఎర్లోటినిబ్ చరిత్రను పరికింపవలెను. 569 మంది రోగులపై జరిగిన పరీక్షలో, జెమ్‌సైటబీన్ అను మందును మాత్రమే పుచ్చుకొన్నవారి మధ్యగత ఆయుర్దాయము 5.91 నెలలు; దానికి ఎర్లోటినిబును చేర్చి పుచ్చుకొన్నవారిది 6.24 నెలలు. తీసివేత నేర్చిన బాలుడెవడైనను తేడా పది దినములని చెప్పివేయును. కాని పండితులు బాలురు కారు గదా! వారు సంఖ్యాశాస్త్రమును మథించి, ఈ భేదము యాదృచ్ఛికముగా సంభవించినది కాదని ఋజువు చేసి, కావున ఔషధము ఫలవంతమని తీర్మానించిరి. భేదము నిజమగుట వేరు, అది రోగికి చాలినంత యగుట వేరు అను సందేహమును ఆ గణితము తీర్చదు. తీర్చుట దాని పనియు కాదు. ఏడాది దాటి బ్రతికినవారు నూటికి 17 మంది నుండి 23 మందికి పెరిగిరి గదా యని సమర్థకులు వాదింతురు. నిజమే, ఆ ఆరుగురిలో తా నొకడగుదునో కానో రోగికి ముందుగా చెప్పగలవారు మాత్రము లేరు. ముఖమున దద్దురులు, కడుపున విరేచనములు కలుగవచ్చునని మాత్రము ముందుగనే చెప్పగలరు.

అయినను ఎర్లోటినిబును మరీ నిందింపరాదు. అది ఆయువును కొలిపించుకొని వచ్చిన మందు. తరువాత వచ్చినవానిలో అనేకము లంతటి శ్రమకు కూడ ఓర్వవు. రోగి యెంతకాలము బ్రతికెనో చూడవలెనన్న సంవత్సరములు పట్టును గనుక, స్కాన్ చిత్రమున కణితి యెంతకాలము పెరగక నిలిచెనో కొలిచి, దానినే ఫలముగా ప్రకటించు పద్ధతి వెలసినది. పంటను తూచుమన్నచో చేని పచ్చదనమును చూచి రసీదు వ్రాసియిచ్చుట వంటిది ఇది. ఈ విద్యలోని నియమము లెంత సూక్ష్మములనగా, కణితుల వ్యాసముల మొత్తము 20 శాతము పెరిగినచో వ్యాధి ముదిరినట్లు; 19 శాతము పెరిగినచో నిలకడగా నున్నట్లు. మంచముపై మూల్గుచున్నవాడు తనకు నిలకడగా నున్నదని తెలిసికొని సంతసింపవలెను. ఐరోపా ఔషధ సంస్థ 2009 మొదలు 2013 వరకు 68 క్యాన్సర్ ప్రయోజనములకు మందుల ననుమతింపగా, వానిలో 39 ప్రయోజనముల విషయమున, మందు ఆయువును గాని జీవనసౌఖ్యమును గాని పెంచునను ఆధారము అనుమతి నాటికి లేకుండెనని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నలున వెలువడిన పరిశోధన తేల్చినది. అమెరికాలో రొమ్ము క్యాన్సరునకు బెవాసిజుమాబ్ అను మందు ఈ మార్గముననే 2008లో ప్రవేశించెను: కణితి నిలిచిన కాలము 5.8 నెలల నుండి 11.3 నెలలకు పెరిగెను, ఆయువు మాత్రము చెప్పుకొనదగినంతగా పెరుగలేదు. తరువాతి పరీక్షలలో ఆ మొదటి లాభము కూడ కుంచించుకొని పోగా, 2011 నవంబరున అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థకు అప్పటి అధిపతియైన మార్గరెట్ హాంబర్గ్ ఆ యనుమతిని రద్దుచేసెను.

కొలబద్దలు లేవా యనగా, కలవు. ఐరోపా క్యాన్సర్ వైద్యుల సంఘము 2015లో, నయము చేయజాలని మందులకు 5 నుండి 1 వరకు మెట్లు కట్టినది. పైని చెప్పిన పది దినముల మందు దాని నియమముల ప్రకారము అట్టడుగు మెట్టుననే కూర్చుండును. మెట్టును బట్టి వెల దిగునా యనిన, ఇంగ్లండున మందు ఫలము వెలకు తగునా యని తూచు నైస్ వంటి సంస్థలు బేరమాడినచోట దిగును, తక్కినచోట్ల తనంతట దిగదు. అన్ని మందులు నిట్టివే యనుట అన్యాయము: 2001లో వచ్చిన ఇమాటినిబ్ దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకీమియా రోగులలో అనేకులకు ఇంచుమించు పూర్ణాయుర్దాయమునే ప్రసాదించెను.

ఇక వెల మాట. 2012లో న్యూయార్కులోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి వైద్యులు, పెద్దప్రేగు క్యాన్సరునకు నెలకు సుమారు 11,000 డాలర్లు పలుకు జాల్‌ట్రాప్ అను మందు, అందులో సగము వెలకు దొరకు మందుకన్న మేలైనది కాదని, దానిని తాము వాడబోమని పత్రికాముఖమున ప్రకటించిరి. నెల తిరుగకముందే ఉత్పత్తిదారు సగము తగ్గింపు నిచ్చెను. పరీక్షాఫలితము మాత్రము ఒక్క దినమైనను మారలేదు. కాలేయ క్యాన్సరునకు వాడు సొరాఫెనిబును బేయర్ కంపెనీ మన దేశమున నెలకు 2,80,428 రూపాయలకు అమ్ముచుండగా, 2012 మార్చిలో, పేటెంటుదారు సమ్మతి లేకున్నను తయారుచేయుటకు నిర్బంధ లైసెన్సు పొందిన హైదరాబాదు నాట్కో కంపెనీకి విధింపబడిన వెల 8,880 రూపాయలు. ఆ మందు కాలేయ క్యాన్సరు రోగుల మధ్యగత ఆయువును 7.9 నెలల నుండి 10.7 నెలలకు పెంచినది. నెలకు 2.8 లక్షలు, లాభము 2.8 నెలలు: వెల కట్టినవారికి ప్రాసయందు మక్కువ కాబోలు. మాత్ర యెవరిదైనను ఆ 2.8 నెలలు అవియే గనుక, తక్కిన రెండు లక్షల డెబ్బదియొక్క వేల పైచిలుకు రూపాయలు దేనికి వెలయో వైద్యశాస్త్రమున వెదకిన దొరకదు.

కావున పాఠకమహాశయులారా, మీ యింటివారికి క్రొత్త మందు వ్రాసినపుడు, అది పనిచేయునా యని వైద్యుని అడుగకుడు, పనిచేయుననియే యనును. ఎన్ని నెలలు, ఆ నెలలు ఎట్లు గడచును, వెల యెంత యని యడిగి, సమాధానమును కాగితముపై వ్రాయించుకొనుడు.