హారం తగ్గితే మెడలో హారం

పదో తరగతి ఫలితాలను బట్టి పట్టణంలోని ఉన్నత పాఠశాలలకు ర్యాంకులు కట్టి, అడుగున నిలిచిన ప్రధానోపాధ్యాయుల నుంచి సంజాయిషీ కోరాలన్న నిర్ణయాన్ని లోకం విద్యాశాస్త్రంలో చేరుస్తున్నది గాని, అది కేవలం భాగహారానికి చెందినది. ఉత్తీర్ణతా శాతమనగా పాసైనవారి సంఖ్యను పరీక్ష రాసినవారి సంఖ్యతో భాగించి నూటితో హెచ్చించగా వచ్చునది; ఇందులో పైనున్నది లవం, కిందనున్నది హారం. లవం పెరగాలంటే లెక్కల మాస్టారు, ప్రయోగశాల, ఇంటి దగ్గర పిల్లవాడికి కాస్త తీరిక కావాలి. హారం తగ్గాలంటే టీసీ పుస్తకం, అనగా బడి నుంచి సాగనంపే బదిలీ పత్రాల కట్ట, ఒక్కటి చాలు.

ఈ విద్యలో ప్రైవేటు బడులు ఏనాడో ఆరితేరాయి. ప్రవేశ పరీక్షతో వడపోసి, అందులోనూ జారిపోయిన నలకను తొమ్మిదో తరగతి చివర "మీవాడికి ఇక్కడి చదువు బరువవుతోందండీ" అని తండ్రికి అప్పగిస్తే, ఆ పిల్లవాడు చేరేది ఎవరినీ కాదనలేని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనే. ర్యాంకు కోరే ఆ బడి ఇకనైనా ఈ ప్రైవేటు గురువుల బాట పట్టి, ముందుగా 'సి' గ్రూపును, అనగా స్టాఫ్‌రూమ్ పరిభాషలో గట్టెక్కుతారన్న నమ్మకం లేనివారిని, ఓపెన్ స్కూలుకు పంపాలి, తరువాత మిరప కోతలకు పోయినవారిని హాజరు చాలదని ఆపాలి, చివరకు ఒకే ఒక్క విద్యార్థినిని (2025 ఆంధ్రప్రదేశ్ ఫలితాల్లో బాలికల ఉత్తీర్ణత 84.09, బాలురది 78.31 శాతం కనుక అమ్మాయే క్షేమం) మిగుల్చుకోవాలి. పరీక్షనాడు ఆమెకు జ్వరం వస్తేనో? ఆమెనూ పంపివేస్తే హారం సున్నా అవుతుంది, సున్నాతో భాగహారానికి నిర్వచనం లేదు, నిర్వచనం లేనిదానికి నోటీసు ఇవ్వడం ఏ కార్యాలయానికీ చేతకాదు. పిల్లలే లేని బడికి ఓటమి లేదు; దాని ప్రధానోపాధ్యాయుడి మెడలో పడేది పూలహారమే.

2025 ఏప్రిల్ 23న ఆంధ్రప్రదేశ్‌లో వెలువడిన ఫలితాల్లో 1,680 బడులకు నూరు శాతం, 19 బడులకు సున్నా వచ్చాయన్న ముచ్చట తెల్లవారేసరికి ఊరూరా పాకింది. రాసిన 6,14,459 మందిలో 4,98,585 మంది పాసయ్యారు, అంటే తప్పిన పిల్లలు 1,15,874 మంది. వీరిలో ఎందరు లెక్కల పోస్టు ఖాళీగా ఉన్న బడిలో కూర్చుని లెక్కల పరీక్షకు సిద్ధమయ్యారో చెప్పే గడి ర్యాంకుల పట్టికలో లేదు. అది మతిమరుపు కాదు, సిగ్గులేనితనం. పోస్టు నింపని కుర్చీ సంజాయిషీ అడుగుతున్నది, ఇద్దరి పని ఒక్కడై చేసిన మాస్టారు సంజాయిషీ రాస్తున్నాడు, ఫెయిలన్న మాట మోసుకొని పదిహేనేళ్ల పిల్ల కూలికి పోతున్నది.

వచ్చే ఏటి పట్టికలో హారం కింద పరీక్ష రాసినవారిని కాక, అయిదేళ్ల కిందట ఆరో తరగతి హాజరుపట్టీలో పేరున్న పిల్లలందరినీ వేయండి; ఆ పక్క గడిలో ఖాళీ పోస్టులెన్నో, ఎంతకాలంగా ఖాళీయో వేయండి; నోటీసు ఏ చిరునామాకు పంపాలో ఆ తరువాత చూసుకోండి.