రేగివడియములు – రాజధాని యెండ

శీతలదేశములవారు వేసవిలో అడవిపండ్లు ఏరి, ఎండబెట్టి, మంచు కురియు నెలలకు దాచుకొందురని విని మనము వారి ముందుచూపును మెచ్చుకొందుము గాని, అందు గొప్ప యేమున్నది? వారి పండ్లకును ఎండకును ఒకే ఋతువున లగ్నము కుదిరినది. మన రేగు అట్లు కాదు. చలి ముదిరిన గాని దానికి పండబుద్ధి పుట్టదు. ఆంధ్రదేశమున దీనివలన చిక్కు లేదు. భోగినాడు పిల్లల తలలపై పోయగా మిగిలిన పండ్లను గింజ తీయకయే రోట వేసి, పచ్చిమిరపకాయలు, బెల్లము, ఉప్పు, జీలకర్ర చేర్చి కచ్చాపచ్చాగా దంచి, బిళ్లలుగా అద్ది ఆరుబయట పెట్టినచో తక్కిన పని సూర్యుడే చూచుకొనును.

రాజధానిలో మేముండు మునిర్కాలో సూర్యుడు అంత పనిమంతుడు కాడు. పండ్లకు మాత్రము కొదువ లేదు. ప్రక్కనే జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున్న ఆరావళి రాతిమిట్టలపై ఝర్‌బేరీ యను పొట్టిరేగు పొదలు కలవు. వాని జంటముళ్లలో ఒకటి నిటారుగా నిలిచి గ్రుచ్చును. రెండవది కొక్కెమై వంగి, గ్రుచ్చుకొన్న చేతిని వెనుకకు రానీయదు. రాజధానీనివాసముచే దాని కీ విద్య అబ్బినదేమో యని నేననగా, మా ఊరి రేగుముల్లును ఇట్టిదేయని నా భార్య కొట్టిపారవేసినది.

ఇరుకు సందులలో ఇండ్లు ఒకదానినొకటి రాచుకొని అంతస్తుపై అంతస్తుగా లేచుటచే ఇచట ఎండ నేలకు దిగదు. డాబాపైనే దాని దర్శనము, అదియును పొగమంచు విడిన పిదప. ఆ కాస్త యెండలో రజాయిలు ఒక వంక, ముల్లంగి, క్యారెట్టు ఊరగాయ జాడీలు ఒక వంక, నడుమ మంచము వాల్చి బఠాణీలు ఒలుచు ఇంటి యజమానురాలు. నీళ్లట్యాంకు నీడ జరిగినకొలది మా వడియముల పళ్లెమును జరుపుట నా భార్య వంతు. కోతులను అదలించుట నా వంతు.

నేను పత్రికలో తలదూర్చి యుండగా ఒక కోతి వడియమును నోట వేసికొని, మిరపఘాటు తగులగనే నా వంక నిందాపూర్వకముగా చూచి, ఉమ్మివేసి, ఒక క్షణమాలోచించి, రెండవది తీసికొని పోయినది. ఇంతటి నిష్పాక్షికమైన యోగ్యతాపత్రము మా అత్తగారినుండియు మాకు లభింపలేదు.

ఇది చూచి యజమానురాలు, “ఏమి బేటీ అది?” యని తానును ఒకటి అందుకొన్నది.

“గింజ మ్రింగకుడు, మాతాజీ, చప్పరించి ఉమ్మివేయవలెను,” అన్నది నా భార్య.

ఆమె బఠాణీలు మరచి చాలసేపు చప్పరించి, మంచమును మూరెడు వెనుకకు లాగించి మా పళ్లెమునకు చోటిచ్చినది. ఎండకు అద్దె లేదట. దినమునకొక గుప్పెడు మాత్రము ముట్టవలెనట. వడియము లింకను పచ్చిగా నుండగనే పన్ను వసూలగుచున్నది. ఫాల్గుణమున అసలైన యెండ వచ్చునాటికి పళ్లెమున ఎండుటకు ఏమియు మిగులునట్లు లేదు.