అద్దె మాటలు: ఒక డేటింగ్ ప్రొఫైల్ ఆత్మకథ

ఆరు ఫొటోలు, మూడు జవాబులు, ఒక్కో జవాబుకు 150 అక్షరాలు. అదే నా ఒళ్ళు. మా వంశం 1995లో మ్యాచ్ డాట్ కామ్‌తో మొదలైంది. నేను హింజ్ అనే డేటింగ్ యాప్‌లో పుట్టాను. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, ఒక శనివారం రాత్రి, కుక్కర్ మూడో విజిల్ వేసేలోపు మావాడు నన్ను తయారుచేసేశాడు.

"గోంగూర పచ్చడి రోట్లో నూరారో మిక్సీలో తిప్పారో నాలుక మీద వేసుకోగానే చెప్పేస్తాను" అన్నది నా మొదటి జవాబు. రాసిన ఇంగ్లిషులో రెండు తప్పులు. మూడు ఫొటోల్లో నల్ల కళ్ళద్దాలు. ఇంకోదాంట్లో ఆరుగురు స్నేహితులు, వాళ్ళలో మావాడెవడో నాకే తెలిసేది కాదు.

అయినా ఆ పచ్చడి మాటకే ఒకమ్మాయి లైక్ కొట్టి, "రోలు విమానంలో ఎలా తెచ్చారండీ?" అని అడిగింది. మావాడు రాత్రి ఒంటిగంట దాకా టైపు చేశాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పెట్టె 23 కిలోలు దాటితే, పచ్చళ్ళ డబ్బాలు తీసి నాన్న చేతికిచ్చి రోలు మాత్రం ఉంచుకున్న కథ చెప్పాడు. నేను గర్వంగా చెప్పుకునే రాత్రి అదొక్కటే.

తరవాత ఆఫీసులో రిలీజ్ అంటూ వారం పాటు జవాబివ్వలేదు. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. తప్పు వాడిది, నింద నాకు. "నీ ప్రొఫైల్ బాగోలేదురా" అని రూమ్మేట్ తేల్చేశాడు.

అలా డబ్బు కట్టి ఒక డేటింగ్ కోచ్‌ను పెట్టుకున్నాడు. ఆయన కళ్ళద్దాలు తీయించి, కిటికీ వెలుతురులో నిలబెట్టి ఫొటో తీయించాడు. ఆ మేలు మరవను. కానీ గోంగూర పోయింది. దాని చోట "వారాంతం వస్తే కొండలెక్కుతాను" అని వచ్చి కూర్చుంది. డాలస్‌లో కొండెక్కడుందయ్యా! ఎటు చూసినా చదునే, ఎక్కాలంటే ఫ్లైఓవర్లే.

పై ప్యాకేజీ తీసుకుంటే చాటింగ్ కూడా ఆ కోచ్ మనుషులే చేస్తారట. మావాడు ఓటీపీ చెప్పేసి నన్ను వాళ్ళకు అప్పగించాడు. ఖాతా ఇంకొకరి చేతికివ్వడం యాప్ నిబంధనలకు విరుద్ధమని చదివినవాడెవడు? ఆ రోజు నుంచి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నా పేరుతో పలకరింపులు రాసేవాడు. నాలాంటివి ఇంకో డజను ఉన్నాయి అతని చేతిలో. పూటకూళ్ళ ఇంట్లో ఒకే సాంబారు అందరి విస్తళ్ళలో పోసినట్టు, ఒకే జోకు అందరి దగ్గరా పోసేవాడు. అవతలి అమ్మాయిలు మాత్రం నమ్మి మనసు విప్పేవారు. నాన్నకు ఆపరేషన్ అని ఒకరు, ఉద్యోగం పోయింది, హెచ్1బీకి మిగిలింది 60 రోజులే అని ఒకరు. చదువుతున్నది మూడో మనిషి అని నేనెలా చెప్పను? నాకు నోరుంది గానీ సొంత మాట లేదు.

చివరికి ఒక కాఫీ కుదిరింది. నేను బల్ల మీద ఫోన్లో ఉన్నాను.

"మొన్న మీరు అడిగారు కదా, నాన్నగారు ఇంటికొచ్చేశారు" అంది ఆ అమ్మాయి సంబరంగా.

"ఎక్కడికి వెళ్ళారండీ?" అన్నాడు మావాడు.

ఆమె కప్పు కింద పెట్టేసింది. "అయితే ఇన్నాళ్ళూ నాతో మాట్లాడింది ఎవరండీ?"

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నిజమే. కానీ పెళ్ళిళ్ళ పేరయ్య తన అబద్ధాలు తన నోటితోనే ఆడేవాడు. పెళ్ళికొడుకు గొంతు అరువు తెచ్చుకుని పెళ్ళికూతురు కష్టం వినలేదు.

ఆ రాత్రే మావాడు ఫోన్లోంచి యాప్ పీకేశాడు. నేను పోయాననే అనుకున్నాడు. పోలేదు. తొలగించడానికే తయారైన యాప్ అని మా హింజ్ ప్రచారం చేసుకుంటుంది. నాకు ఆ భాగ్యమూ దక్కలేదు. ఎక్కని కొండల గురించి గొప్పలు చెబుతూ, లైకొచ్చినా చూసే దిక్కులేక ఇక్కడే వేలాడుతున్నాను. పండగ వెళ్ళిపోయినా ఎవరూ విప్పని తోరణంలా.

ఫొటోలు ఎవరితోనైనా ఎంచి పెట్టించుకోండి, తప్పులు దిద్దించుకోండి. మాట మాత్రం మీరే మాట్లాడండి. వెళ్ళిపోయేటప్పుడు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఖాతా తొలగించండి. యాప్ తీసేసినంత మాత్రాన మేం చావం.